గట్టు కాదు, కొండ చూడండి

కెనడాలో, మేముండే మార్కమ్‌లో చలికాలం పొద్దున్నే, షాపులు తెరవకముందు, మాల్‌లో నడిచే పెద్దవాళ్ళలో మా నాన్న, మా పక్క ఫ్లాట్ మాస్టారు ఒక జట్టు. నాన్న డ్యాములు కట్టి రిటైరైన ఇంజనీరు. మాస్టారు చైనాలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నాన్న తెలుగులో మాట్లాడతారు, ఆయన చైనీసులో. ఇన్నేళ్ళలో ఒక్క గొడవ లేదు. కారణం వేరే చెప్పక్కర్లేదు.

మరీ అవసరమైన మాటలకు నా ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ ఉంది. దాని పుణ్యమా అనే తెలిసింది, మాస్టారి ఊరు యాంగ్జీ నది ఒడ్డున ఉండేదని, పెద్ద డ్యామ్ కట్టినప్పుడు మునిగిపోయిందని. మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోగా ఆ చోటు ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. సరిగ్గా ఆ డ్యామే చూడాలని మా నాన్న జీవితాశయం. ఇద్దరూ ఒకే టూర్ బుక్ చేసుకున్నారు. తోడు వెళ్ళడానికి మాస్టారి కూతురికి సెలవు దొరకలేదు. నాకు అప్లై చేసిన గంటలో దొరికింది. ఆఫీసులో నా విలువేమిటో అప్పుడే అర్థమైంది.

చైనాలో దిగాక మొదట చూసిన నాన్జింగ్ కోటగోడ దగ్గర నాన్న కదలనన్నారు. వందల ఏళ్ళనాటి ఇటుకల మీద చేసినవాడి పేరు, చేయించిన అధికారి పేరు అచ్చు వేసి ఉన్నాయి.

"చూశావురా? ఇటుక విరిగితే ఎవణ్ణి పట్టుకోవాలో రాసే ఉంది. మనకీ ఈ రూలుంటే సగం మంది ఊళ్ళో ఉండేవాళ్ళు కాదు!"

"మీరు కూడానా నాన్నా?"

"నేను ఇంజనీర్‌ని. కాంట్రాక్టర్ల సంగతి చెబుతున్నా," అన్నారు నొచ్చుకుని.

వుహాన్‌లో గుట్ట మీద ప్రాచీన గోపురం ఉందంటే ఆయాసపడుతూ వెళ్ళాం. లోపల లిఫ్ట్ ఉంది. ఎన్నోసార్లు కాలిపోయి, చివరిసారి సిమెంటుతో కట్టారట. మాస్టారి మోకాళ్ళు చరిత్రకు దండం పెట్టాయి.

అక్కణ్ణుంచి రైల్లో చోంగ్‌చింగ్ వెళ్ళి, నది వాలున దిగే పడవ ఎక్కాం. మర్నాడు మధ్యాహ్నం, మాస్టారి ఊరున్న ప్రాంతం దగ్గరపడుతోందని గైడ్ చెప్పింది. ఆయన రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. ఎదురుగా తెల్లటి కొత్త భవనాలు, కొత్త వంతెన, కొత్త రేవు. అటు చూశారు, ఇటు చూశారు. ఫోన్‌లో ఏదో అన్నారు.

"ఏదీ గుర్తు పట్టలేకపోతున్నారట నాన్నా. ఇదో కాదో తెలీడం లేదంటున్నారు."

పడవ ఎవరికోసమూ ఆగదు. ఇంత దూరం వచ్చి, ఎవరి ఊరో చూసి వెనక్కి పోయేలా ఉన్నారు పాపం.

నాన్న ఉద్యోగం మొదట్లో కృష్ణ మీద ఒక డ్యామ్ దగ్గర ముంపు ఊళ్ళు ఖాళీ చేయించే పనిలో ఉండేవారు. కాంక్రీటు గురించి పెళ్ళి భోజనాల్లో కూడా చెప్పే మనిషి, ఆ సంగతి మాత్రం ఇంట్లో ఎప్పుడూ ఎత్తరు. ఆ రోజు మాస్టారి భుజం మీద చెయ్యి వేశారు.

"గట్టు చూడకండి మాస్టారూ. గట్టు కొత్తది. కొండ చూడండి. మా ముంపు ఊళ్ళవాళ్ళు పడవల్లో వచ్చి అలాగే పోల్చుకునేవారు. గుమ్మంలో నిలబడితే ఏ కొండ కనబడేదట? అడగరా!"

అడిగాను. రెండు శిఖరాలట. మధ్యలో గుర్రం జీనులాంటి పల్లం. పొద్దుటి ఎండ అందులోంచే వచ్చేదట.

"ఇప్పుడు పొట్టిగా కనబడుతుందని చెప్పు. కాళ్ళు మునిగాయంతే, తల ఎక్కడికీ పోదు."

చెప్పాను. ముగ్గురం మెడలెత్తి వెతికాం. నాకు ప్రతి కొండా జీనులాగే కనిపించింది. పడవ మలుపు తిరిగింది. మాస్టారు ఉన్నట్టుండి నాన్న చెయ్యి పట్టుకున్నారు. రెండు శిఖరాలు, మధ్యలో పల్లం. ఆయన వేలు కొండ మీదనుంచి మెల్లగా కిందికి దిగి, నీళ్ళ మీద ఒకచోట ఆగింది.

నేను టిష్యూలు తీసి సిద్ధంగా ఉన్నాను. మాస్టారు చాలాసేపు చూసి ఒక్క మాట అన్నారు. ఫోన్ చూసి నాన్నకు చెప్పాను: "వాళ్ళ వీధి దీపం ఎప్పుడూ వెలిగేది కాదట."

టిష్యూలు నాకే పనికొచ్చాయి. గాలి చల్లగా ఉంది మరి.

ఆ తర్వాతి రోజు డ్యామ్ కనబడింది. పడవలో జనమంతా డెక్ మీదికి పరిగెత్తారు. నాన్న కేబిన్‌లోనే కూర్చుని మోకాలు నొప్పి అన్నారు. మోకాళ్ళు మాస్టారి డిపార్ట్‌మెంటు. నాన్నవి నిక్షేపంగా ఉన్నాయి.

"దీనికోసమే కదా వచ్చారు?"

"కాంక్రీటేగా. ఎక్కడైనా ఒకటే."

ఈ మాటకు ఆయన డిగ్రీ వెనక్కి తీసుకోవచ్చు.

చివరికి మాస్టారే వచ్చి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళారు. డ్యామ్‌కు ఎదురుగా నిలబెట్టి, నా ఫోన్ తీసుకుని ఫొటో తీశారు. నాన్న పాస్‌పోర్టుకు నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆ ఫొటో ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. నిండా నాన్న మొహమే. వెనక డ్యామ్ ముక్క కూడా కనబడదు.

"మాస్టారికి ఫొటో తీయడం రాదురా పాపం," అంటారు నాన్న, పాలు తీసినప్పుడల్లా.

పక్క ఫ్లాట్‌లో ఫ్రిజ్ మీదున్న కొండ ఫొటో కూడా మాస్టారు తీసిందే. రెండు శిఖరాలూ సరిగ్గా మధ్యలో ఉన్నాయి.