ధరణికి రాజారత్నం ఇచ్చిన పూచీ

పాకాల స్టేషన్ బయటికొచ్చి బస్టాండు దారి పట్టగానే ఎడమచేతి పక్కన రాజారత్నం ఎస్టీడీ బూత్ ఉండేది. రెండు ఫోన్లు, ఒక ఫ్యాక్స్ మిషను, లోపల నిలబడితే మోచేతులు రెండూ తగిలే అద్దాల గది. అంతే ఆస్తి. కానీ రాజారత్నాన్ని అడిగితే, పాకాల జంక్షనులో రైళ్లు కలిసేది రైల్వేవాళ్ల వల్ల, మనుషులు కలిసేది తన వల్ల అని చెప్పేవాడు. మనిషి మంచివాడే, గొంతే కొంచెం పెద్దది. ఆయన మాట్లాడితే దామలచెరువు దాకా తీగ దండగ అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు. లైను పోయిందంటే ఆ గొంతంతా లైన్‌మ్యాన్ చిన్నబ్బ మీద పడేది. పాపం, చిన్నబ్బ ఒక్కడే నాలుగూళ్ల తీగలు చూసుకునేవాడు. ఆ గొంతు వినపడగానే సైకిలు ఇంకో సందులోకి తిప్పేవాడు.

రెండువేల నాలుగు జనవరిలో ఒక సోమవారం ఆ బూత్‌కు ఇంగ్లండులోని లీడ్స్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ధరణి, రాజారత్నం అక్క కూతురు. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ డిగ్రీ చేసి, కంప్యూటర్ ఉద్యోగాలన్నీ ఒక్కసారిగా ఎండిపోయిన రోజుల్లో మామ బూత్‌లో రెండేళ్లు కూర్చుంది. ఆ తర్వాత ఇంగ్లండు పోయి నెట్‌వర్కుల చదువు చదివింది. చదువు ముగిసింది కానీ ఉద్యోగం దొరకలేదు. నెట్‌వర్క్ ఆపరేషన్స్ ఇంజనీరు కావాలని ప్రకటన వేసిన ప్రతి కంపెనీ అనుభవం ఎంతని అడిగేది, పరాయి దేశపు విద్యార్థి అని తెలియగానే కాగితం పక్కన పెట్టేది. అనుభవం ఉంటేనే ఉద్యోగం, ఉద్యోగం చేస్తేనే అనుభవం, రెండూ లేకపోతే తిరుగు విమానం. అక్కడి లెక్క అదీ. వీసా గడువు ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది.

"మామా, ఒక కంపెనీవాళ్లు ముగ్గుర్ని ఏరినారు. దాంట్లో నేనొకదాన్ని. ముందు పని చేసిన తావని మన బూత్ పేరు రాసినా. గురువారం మూడున్నరకు వాళ్ల మేనేజరు నీకు ఫోన్ చేసి నా గురించి అడగతాడు. ఉండేది ఉండేట్టు చెప్పు, చాలు," అంది ధరణి.

"ఉండేది ఉండేట్టు సెప్తే ఉద్యోగం ఎవుడిస్తాడే? నువ్వు గమ్మునుండు. నేను సూసుకుంటా," అన్నాడు రాజారత్నం.

ఆయన చూసుకుంటానంటే ఇంట్లో అందరికీ భయమే. మంగళవారం పొద్దున్నే పెయింటరును పిలిపించి, పాత పసుపు బోర్డు మీద 'రాజారత్నం నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్' అని రాయించాడు. ఫోన్‌లో బోర్డు కనపడదు కదా అని భార్య మునిలక్ష్మి అంటే, "మనకు కనపడతాది గదా! మాటలో ఆ ధైర్యం రావద్దా?" అన్నాడు. బుధవారం రిటైరైన ఇంగ్లీషు అయ్యవారు గోవిందయ్యను కూర్చోబెట్టి ఇరవై రెండు ప్రశ్నలకు జవాబులు రాయించుకున్నాడు. ప్రశ్నలూ అయ్యవారివే, జవాబులూ అయ్యవారివే. గోవిందయ్య ముప్పై ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి కాబట్టి ఆ మేనేజరు ఇంతకుమించి అడగలేడని హామీ ఇచ్చాడు. గురువారం పొద్దున టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఒక మిషను, దానితోపాటు వెంకటముని అనే టైపిస్టు కూడా వచ్చి బూత్ మూల కూర్చున్నారు. పెద్ద ఆఫీసన్న చప్పుడు అవతలికి వినపడాలి కదా. మూడింటికల్లా రాజారత్నం చొక్కా లోపలికి దోపి, పెళ్లినాటి బూట్లు తొడిగి, ఫోన్ ముందు నిలబడ్డాడు. కూర్చుంటే గొంతు సరిగ్గా రాదట.

సరిగ్గా మూడున్నరకు ఫోన్ మోగింది. అవతలి మేనేజరు మర్యాదస్తుడు. తీగల మీద బతికే మనిషి కదా, మొట్టమొదట తన నంబరు చెప్పి, లైను తెగితే ఈ నంబరుకు చేయండని రాయించాడు. పన్నెండింటికి మీటింగని, అందులో ముగ్గురిలో ఒకరిని ఖాయం చేస్తామని కూడా చెప్పాడు. వాళ్ల పన్నెండంటే మనకు ఐదున్నర.

మీ సంస్థలో ఎంతమంది పనిచేస్తారని అడిగాడు. "వన్ హండ్రెడ్ అండ్ ట్వెంటీ సార్!" అని రాజారత్నం అరిచాడు. వెంకటముని మిషను టకటకలాడించాడు. రాత్రిపూట కూడా పని ఉంటుందా అన్నాడు. "ట్వెంటీ ఫోర్ అవర్స్ సార్!" తొమ్మిదింటికి బూత్ మూసి ఇంటికి పోయి నిద్రపోయే మనిషి అన్న మాట అది. అంతవరకూ గోవిందయ్య కాగితం బాగానే నడిచింది. ఆపైన మేనేజరు, లైను పోయినప్పుడు ధరణి ఏం చేసేది అని అడిగాడు. కాగితంలో ఆ ప్రశ్న లేదు. రాజారత్నం ఇటు తిప్పి, అటు తిప్పి, పదిహేనో జవాబు చదివేశాడు. అమ్మాయిది చాలా పరువుగల కుటుంబమని.

తర్వాత మేనేజరు, ఆఖరి ప్రశ్న అన్నాడు. ధరణి తిరిగి వచ్చి పని అడిగితే మీరు మళ్లీ చేర్చుకుంటారా?

రాజారత్నం పసిగట్టేశాడు. ఇదన్నమాట అసలు ఎత్తు! చేర్చుకుంటానంటే, అయితే మీ పిల్లను మీరే పెట్టుకోండని టికెట్టు చేతిలో పెట్టి పంపించేస్తాడు. ఇంతదూరం వచ్చి ఇంత సులభంగా దొరికిపోతామా?

"నో సార్! నెవర్! హండ్రెడ్ పర్సెంట్ నో!" అని ఊరదిరేలా అరిచాడు.

ఆ మాటతోనే లైను పోయింది. రాజారత్నం చెమట తుడుచుకుని, గెలిచినవాడిలా ఇటు తిరిగాడు. "సూసినారా అయ్యవారూ, ఎట్లా అడ్డం కొట్టినానో!"

గోవిందయ్య రెండు చేతులతో తల పట్టుకుని కూర్చున్నాడు. "ఎంత పని చేసినావప్పా! మనిషి మంచిదా కాదా తెలుసుకునేదానికి అడిగే మాట అది. ఆ పిల్లతో ఒకసారి పడిందే చాలు, ఇంక వద్దే వద్దని చెప్పినట్టయింది."

రాజారత్నం ఫోన్ ఎత్తాడు. ఉలుకూ పలుకూ లేదు. రెండోదీ అంతే. బయటికొచ్చి అడిగితే స్టేషన్ పక్కనున్న ఫోన్లన్నీ చచ్చిపోయాయి. ఊళ్లో విదేశాలకు కలిసే లైను ఈ బూత్‌లోనే ఉంది. చిత్తూరు పోయి చేద్దామంటే బస్సు ఇప్పుడే పోయింది, ఇంకోటి నాలుగున్నరకు, అది చేరేసరికి ఐదున్నర దాటుతుంది. పాకాలలో సెల్‌ఫోన్లున్న ఇద్దరు షావుకార్లూ వాటితోసహా తిరుపతి పెళ్లికి పోయి ఉన్నారు. మూలలో వెంకటముని ఇంకా టైపు కొడుతూనే ఉన్నాడు, ఆపమని అతనికి ఎవరూ చెప్పలేదు.

"నా నోరు పడిపోనూ! ఆ బిడ్డ నోట్లో మన్ను కొట్టినానే!" అని రాజారత్నం బెంచీ మీద కూలబడ్డాడు. మేనకోడలంటే ఆయనకు ప్రాణం. ఏడుపు కూడా ఆయనకు పెద్ద గొంతుతోనే వచ్చింది.

మునిలక్ష్మి డైరెక్టరీల కింద నుంచి ఒక నీలం అట్ట పొడుగు నోటుబుక్కు లాగి ఆయన ఒళ్లో పడేసింది. "ఏడిస్తే లైను రాదు. ధరణి పాప ఉన్నప్పుడు లైను పోతే దీంట్లో ఏందో రాసుకోని బయటికి పోయేది. వచ్చేటప్పటికి లైను వచ్చేది. సూడు."

రెండేళ్లు తన పక్కనే రాసిన ఆ పుస్తకాన్ని రాజారత్నం అప్పుడే మొదటిసారి విప్పాడు. ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఏ లైను పోయింది, వానా తవ్వకమా, ఎవరికి చెప్పింది, వాళ్లేమన్నారు, మళ్లీ ఎన్నింటికి వచ్చింది, చివరికి తేలిన తప్పేమిటి. పేజీ తర్వాత పేజీ ఇదే. చివరి పేజీలో ఇలా ఉంది:

'లైను పోతే ముందు టైము రాయాల. పక్క అంగళ్లలో ఫోన్లు పలకతా ఉండాయా లేదా అడగాల. ఎక్స్ఛేంజీలో కంప్లయింటు రాయించి నంబరు తీసుకోవాల. ఊళ్లో తవ్వకం యాడ జరగతా ఉందో మనమే పోయి చూసుకోవాల, చిన్నబ్బన్నకు గంట పని తగ్గుతుంది. ఆయన సాయంత్రం రైల్వే గేటు కాడుండే ఫోన్ తీగల పెట్టె దగ్గర ఉంటాడు. తెగిన తావు చూపించి, పని అయ్యేదాకా పక్కనే నిలబడాల. అరవకూడదు.'

రాజారత్నం టైము రాశాడు. పెళ్లినాటి బూట్లు కరుస్తుంటే వాటిని బూత్‌లోనే వదిలేసి ఉత్తకాళ్లతో ఎక్స్ఛేంజీకి పరుగెత్తాడు. రాయించి, నంబరు తీసుకుని, బస్టాండు వెనక సందులు వెతికాడు. నీళ్ల పైపు కోసం తవ్విన కాలవలో నల్లటి కేబులు నిలువునా తెగి కనిపించింది. అక్కణ్నుంచి రైల్వే గేటు దగ్గరికి పోయేసరికి చిన్నబ్బ ఆయన్ను చూసి సైకిలు ఎక్కాడు.

"పోవద్దబ్బా," అన్నాడు రాజారత్నం. ఆ మాట ఎంత మెల్లగా వచ్చిందంటే చిన్నబ్బ భయపడిపోయాడు. "తెగిన తావు చూసొచ్చినా. బస్టాండు వెనక, నీళ్ల పైపు కాలవలో."

చిన్నబ్బ స్టాండు వేసి దిగాడు. "ధరణి పాప పోయినాక తెగిన తావు చూపించేదానికి వచ్చిన మనిషివి నువ్వేనప్పా. నేను పొద్దు గూకేదాకా ఎతుక్కుంటా ఉండేవాణ్ణి. పద, మొత్తం కలపాలంటే రేపవతాది గానీ నీ ఫోన్ తీగల జత ముందు కలుపుతా."

చిన్నబ్బ కాలవలోకి దిగి సన్నటి తీగలు ఒక్కొక్కటే ఏరుతుంటే రాజారత్నం గట్టు మీద నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన జీవితంలో అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదలు. ఐదూ పదికి చిన్నబ్బ తలెత్తి, "పో," అన్నాడు.

లీడ్స్‌కు లైను కలిసింది. గోవిందయ్య కాగితం కోసం వెతుకుతుంటే రాజారత్నం వద్దని చెయ్యి ఊపాడు. తనకు వచ్చిన ఇంగ్లీషులోనే చెప్పుకొచ్చాడు. "సార్, నూట ఇరవై మంది అబద్ధం. అప్పుడు ముగ్గురం, నేను, నా భార్య, ధరణి. ఇప్పుడు ఇద్దరమే. లైన్లు రెండు. లైను పోతే ధరణి ఏం చేసేదని అడిగినారు. నాకు తెలీదు సార్. నేను అరస్తా ఉంటి, చూడలేదు. ఈ పొద్దు లైను పోయింది, ఆమె పుస్తకం చూసి తెచ్చుకున్నా. వింటారా?" అని చివరి పేజీ ఒక్కొక్క మాటే ఇంగ్లీషు చేసుకుంటూ చదివాడు. మాట దొరకని చోట గోవిందయ్య అందించాడు.

మేనేజరు ధరణి తిరిగొస్తే చేర్చుకుంటారా అన్న పాత ప్రశ్నే మళ్లీ అడిగాడు.

"ఈ పొద్దే చేర్చుకుంటా సార్," అన్నాడు రాజారత్నం. "మీకు వద్దనుకుంటే పంపించేయండి. మాకు కావాల."

పంపించలేదు. ధరణిని వాళ్లే ఉంచుకున్నారు, వీసాకు కావాల్సిన కాగితమూ వాళ్లే రాసిచ్చారు. ఆ వార్త ఊళ్లో పొక్కగానే పాకాల నుంచీ, దామలచెరువు నుంచీ ఇంజనీరింగు పట్టాలు చంకన పెట్టుకుని పదకొండుమంది వచ్చారు, 'నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్' పేరు మీద తలా రెండేళ్ల అనుభవం రాసివ్వమని. బోర్డు చూసి కొందరు మూడేళ్లు అడిగారు. రాజారత్నం ఒక్కొక్కరికీ కొత్త నోటుబుక్కు, స్టూలు చూపించి, "కూచోండి నాయనా, ఈ పొద్దు నుంచే మొదలు," అన్నాడు. టీ తాగొస్తామని పోయినవాళ్లు మళ్లీ రాలేదు.

నెల తిరిగాక ధరణి ఫోన్ చేసింది.

"ఆడ ఏం పనే నీకు?" అన్నాడు రాజారత్నం.

"ఈడా అదే పని మామా. లైను పోతే టైము రాయడం, ఎవురికి చెప్పాల్నో వాళ్లకు చెప్పడం, వచ్చేదాకా వాళ్ల ఎనకాలే పడడం. నాకు మొదట ఇచ్చిన పనేందో తెలుసా? ఆ చివరి పేజీ ఇంగ్లీషులో రాసి గోడకు అంటించమన్నారు."

"అంతా రాసినావా? చిన్నబ్బ పేరుతో సహా?"

"అంతా రాసినా. 'అరవకూడదు' అనేది ఎందుకు రాసినావని మా మేనేజరు అడిగినాడు. ఊరికే, జాగ్రత్త కోసమని చెప్పినా."

బయట చిన్నబ్బ సైకిలు పోతోంది. రాజారత్నం ఫోన్ పట్టుకునే, చెయ్యెత్తి, చాలా మెల్లగా అతన్ని పిలిచాడు.