ఇటుకలాయన రిలీజు

మొన్న శుక్రవారం మా అక్క ఊరి నుంచి ఫోన్ చేసింది. బావ పోయి మూడు నెలలైంది. ఆయన పెట్టె సర్దుతుంటే అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కనబడిందట, నీదేనా అని అడిగి ఫొటో పంపింది. ఈ అరబ్బు దేశంలో, నయీమ్‌లోని నా గదిలో కూర్చుని దాన్ని చాలాసేపు చూశాను. మొదటి పేజీ మీద కూర మరక అలాగే ఉంది.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నువైద్రాత్ దగ్గర ఒక కంపెనీ కూలీల క్యాంపులో నేను టైంకీపర్‌ని. పొద్దున డ్యూటీ బస్సు ఎవరెక్కారో, సాయంత్రం ఎవరు దిగారో రాసుకోవడం నా పని. బావ అదే కంపెనీలో సిమెంటు దిమ్మెలు మోసేవాడు. మా గదిలో ఎనిమిది మందిమి, అందరం జగిత్యాల వైపు వాళ్లమే. దేశం వదిలి వెళుతున్న ఒక ఇంగ్లీషు ఇంజనీరు పారేసిన సామానులో నాకు ఆ పుస్తకం దొరికింది. వందేళ్ల కిందట ఇంగ్లండులో జీతానికి ఫుట్‌బాల్ ఆడిన ఒక గోల్‌కీపర్ జీవితం అది. ఆటలోకి రాకముందు ఆయన ఇటుక బట్టీలో పనిచేశాడు, కింది నుంచి విసిరిన ఇటుకలను పట్టుకుని పట్టుకుని బంతి పట్టడం నేర్చుకున్నాడు. బావ కూడా ఊళ్లో మేస్త్రీల దగ్గర పరంజా మీద నిలబడి ఇటుకలు పట్టినవాడే, అందుకే శుక్రవారాలు మలయాళీలతో ఆడేటప్పుడు మావాళ్లు గోలు దగ్గర ఆయన్నే నిలబెట్టేవారు. పుస్తకంలోని ఆయన పేరు పలకడానికి నోరు తిరగక, గదిలో అందరూ ఇటుకలాయన అనేవారు.

శుక్రవారం కోడికూర ఉడుకుతుండగా నేను ఒక అధ్యాయం తెలుగులో చెప్పేవాణ్ణి. ఆ రోజుల్లో గోల్‌కీపర్ తన సగం మైదానంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టవచ్చంటే బావ తప్ప ఎవరూ నమ్మలేదు. ఎంత బాగా ఆడినా జీతం ఒక హద్దు దాటదంటే మాత్రం అందరూ వెంటనే నమ్మారు. ఆటగాడు వేరే క్లబ్బుకు పోవాలంటే పాత క్లబ్బు కాగితం ఇవ్వాలని, ఇవ్వకపోతే ఇంకెవరూ తీసుకోకూడదని చెప్పిన రోజు వంట దగ్గరున్నతను గరిటె పట్టుకునే వెనక్కి తిరిగాడు.

“అంటే తెల్లోళ్లకు గూడ కఫీలున్నడా?”

మాకు వీసా ఇచ్చిన అరబ్బు యజమానే కఫీల్, ఆయన రిలీజు కాగితం ఇస్తేనే ఇంకో పనికి పోగలం. ఆ తర్వాత వారమంతా కుళాయి దగ్గర, బస్సు దగ్గర నన్ను ఒకటే అడిగేవారు, ఇటుకలాయనకు రిలీజు దొరికిందా అని. బావ ఒక్కడే అడగలేదు. దిమ్మెలు మోసి ఆయన వేళ్లు వాచిపోయి పిడికిలి ముడుచుకోవడం లేదు. అమ్వాజ్‌లో ఇళ్ల మరమ్మతులు చూసే కంపెనీ తేలిక పని ఇస్తానంది కానీ, మా కంపెనీ రిలీజు ఇవ్వలేదు. రెండుసార్లు అడిగాడు. ఇంకోసారి నోరెత్తితే ఖలాస్, విమానం ఎక్కించేస్తామన్నాడు ఆఫీసులో ఉండే మేనేజరు.

తర్వాతి అధ్యాయం నేను గురువారమే చదువుకున్నాను. ఇటుకలాయన మూడోసారి అడిగాడు, క్లబ్బు మూడోసారీ కాదంది, ఆయన మళ్లీ బట్టీకి పోయాడు. మర్నాడు పుస్తకం ఒళ్లో తెరిచి పెట్టుకుని, ఎదురుగా ఉల్లిగడ్డలు కోయలేక కోస్తున్న బావను చూస్తూ, మూడోసారి అడిగితే రిలీజు ఇచ్చారని చెప్పేశాను. కొత్త క్లబ్బులో ఆయన మొదటి ఆట కూడా కల్పించి చెప్పాను. గదంతా చప్పట్లు కొట్టారు. బావ నన్నొకసారి చూసి, మళ్లీ ఉల్లిగడ్డ కోసుకున్నాడు.

శనివారం పొద్దున బావ బస్సెక్కలేదు. ఆఫీసుకు పోయాడని ఎవరో చెప్పారు. నా అబద్ధం నమ్మి ఉన్న పని పోగొట్టుకుంటాడేమో, అక్కకు ఏం చెప్పాలా అనుకుంటూ, రిజిస్టర్లో ఆయన పేరు ఎదుట హాజరనీ రాయలేదు, గైర్హాజరనీ రాయలేదు. మధ్యాహ్నం బావ కాగితం పట్టుకుని వచ్చాడు. ఆ రోజు కఫీలే స్వయంగా ఆఫీసుకు వచ్చాడట. టీ గ్లాసును బావ రెండు అరచేతుల మధ్య పట్టుకోవడం చూసి, ఈ చేతులతో దిమ్మెలేం మోస్తావని సంతకం పెట్టాడట. కొత్త కంపెనీకి వెళ్లేటప్పుడు గుర్తుగా ఉంచుకుంటానని బావ ఆ పుస్తకం తీసుకుపోయాడు. అబద్ధం బయటపడదులే, ఆయనకు ఇంగ్లీషు రాదు కదా అనుకున్నాను.

మొన్న అక్క ఫోన్ పెట్టేసేలోపు ఆమె మనవరాలు లాక్కుంది.

“తాతా, ఇటుకలాయనకు నువ్వే రిలీజు ఇప్పిచ్చినవట గదా?”

పోయినేడు ఆ పుస్తకం తానే బావకు చదివి వినిపించిందట. ఆ అధ్యాయం రాగానే బావ పడీ పడీ నవ్వాడట.

“మా తాతకు ఆనాడే ఎరుకనట. నువ్వు గంతసేపు చదివినవు గని ఒక్క పేజీ గూడ తిప్పలేదట. మరి ఎరుకుండి ఎందుకు పోయి అడిగినవే అంటే, బామ్మర్ది గంత కష్టపడి అబద్ధం చెప్పిండు, పోకుంటే బాగుంటదా అన్నడు.”

నాకూ నవ్వొచ్చింది. పుస్తకం పంపవద్దు, నీ దగ్గరే ఉంచుకో అన్నాను.

ఈ దేశంలో పని మారడం ఇప్పుడు అప్పటంత కష్టం కాదంటారు, మంచిదే. ఈ గదిలో నలుగురమే ఉంటాం, శుక్రవారం కోడికూర మామూలే. కూర ఉడుకుతుంటే ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటారు. తర్వాత ఏమైందో తెలియడానికి ఎవరూ వారం ఆగనక్కర్లేదు. నేను ఇప్పటికీ ఏదో ఒక పుస్తకం తెరిచి కూర్చుంటాను. పేజీ తిప్పానో లేదో చూసేవాళ్లు లేరు.