ఈడికే నాది

ఖాళీ లారీ వెళ్తుంటే వెనక తలుపు గొలుసు కొట్టుకునే చప్పుడుకి ఇప్పటికీ నా చేతిలో కలం ఆగిపోతుంది. కౌల్ బజారులో మా ఆఫీసు కిటికీ కింద ఆ చప్పుడుకు కొదవ లేదు. చేలు కొలిచే ఇనుప గొలుసును నేల మీద ఈడ్చినా అచ్చం అలాగే మోగేది. ఆ గొలుసు వకీలు ఎర్రిస్వామిగారిది. ఆరేళ్ళు ఆయన దగ్గర జూనియర్‌గా పనిచేశాను. పార్లమెంటుకు నిలబడి డిపాజిట్ పోగొట్టుకున్న మనిషి కాబట్టి మీరెవరూ ఆయన పేరు విని ఉండరు.

నన్ను మొదటిసారి కొలతకు తీసుకెళ్ళింది మా ఊరు కప్పగల్లుకే. అక్కడ శివమ్మ అనే ఒంటరి మనిషికి నాలుగెకరాల మిరపచేను ఉండేది. దాని పడమటి గట్టును ఆనుకునే మా నాయన చేను. కొలత ముగిశాక పక్క చేని రైతు హద్దురాయి మీద కాలు పెట్టి, అందరూ వినేలా "ఈడికే నాది" అనాలి. ఇక్కడిదాకానే నాది, దీన్ని దాటి రానని ఒప్పుకోవడం అది; మా ఊరి ఆచారం. మా నాయన కాలు పెట్టి ఏదో గొణిగాడు.

"గట్టిగా అనప్పా ఓబులేసూ, ఆయమ్మకి వినపడల్ల" అన్నారు సార్.

తిరిగి వస్తూ నాతో అన్నారు: "మహజరంటే చేన్లో నిలబడి, కంటితో చూసి రాసే కాగితం. రాయి తొక్కకుండా దాని మీద సంతకం చెయ్యొద్దమ్మా, ఎప్పటికీ."

తర్వాత ఎర్రమట్టికి, అంటే ఇనుప ఖనిజానికి, గిరాకీ వచ్చింది. మా నాయన వేరుశనగ మానేసి రెండు లారీలు కొన్నాడు. ఎవరి చేను మీదికైనా 'ప్రజా ప్రయోజనం' కోసం సర్కారు తీసుకుంటోందని ఒక నోటీసు వచ్చి వాలేది. ఆ రోజుల్లోనే సార్ స్వతంత్ర అభ్యర్థిగా ఢిల్లీకి పోటీ చేశారు. మిగతావాళ్ళందరూ ఏదో ఒకటి ఇస్తామని ఓట్లడిగారు. ఈయనొక్కరే సర్కారును చేలు తీసుకోనివ్వనని అడిగారు. ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసిన ఆస్తి హక్కును మళ్ళీ అక్కడే పెట్టాలన్నారు. హచ్చొళ్ళి ఊళ్ళో సభలో ఒక రైతు లేచి నిలదీశాడు.

"సర్కారు వద్దంటాండారే, మాకు కాలవ తెచ్చినాది ఎవురు సార్?"

"సర్కారే తెచ్చినాది. వద్దనలేదప్పా. నీ మడిలోకి నీళ్ళు రావల్ల, అధికారి రాకూడదు. మనం రాయి మీద కాలు పెట్టి ఈడికే నాది అంటాం గదా, ఢిల్లీ కూడా అట్ల ఒకసారి అనల్ల."

"సాకు బిడి సార్" అని కన్నడంలో, ఇక చాల్లెండన్నట్టు, ఆ రైతు చెయ్యి విదిలించి వెళ్ళిపోయాడు. జనం నవ్వారు. కరపత్రాలు పట్టుకుని పక్కనే నిలబడిన నేనూ నవ్వాపుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆయన అలా ఊళ్ళు తిరుగుతుండగానే గనికి దారి కోసం శివమ్మ చేను మీదికి నోటీసు వచ్చింది. అది సాగులేని బీడని రెవెన్యూవాళ్ళు మహజరు రాశారు. పక్క చేనివాళ్ళ సాక్షి సంతకం కావాలి. మా నాయన నన్ను టీ కొట్టుకు పిలిపించాడు. "వకీలమ్మవి నువ్వు చేస్తే ఎవురూ అడగరు. మన లారీలు పోయే దారే గదా" అన్నాడు. టీ చల్లారకముందే సంతకం చేశాను. అప్పుడు ఆ చేన్లో మిరప కోతకు వచ్చి ఉంది.

శివమ్మ తరఫున కేసు వేసింది ఎర్రిస్వామిగారే. కాగితాల్లో నా సంతకం చూసి, ఆ మహజరు తీసి నా ముందు పెట్టారు.

"రాయి తొక్కినావామ్మా?"

"లేదు సార్."

"ఆ మాట బోనెక్కి చెప్తావా?"

"నాయన లారీలు సార్..." అన్నాను. ఆయన లేచి గుమ్మం దాకా వెళ్ళి, గడప మీద కాలు పెట్టి నా వైపు తిరిగారు.

"నీ నోరు నీదమ్మా. దాని మీదికి నేను రాను. ఈడికే నాది."

నేను బోనెక్కలేదు. కేసు పోయింది. ఆయన మీద నాకింకా కోపమే. సమన్లు పంపి ఉంటే చచ్చినట్టు వెళ్ళి చెప్పేదాన్ని. ఒక ఆడమనిషి నాలుగెకరాల కన్నా నా నోటి స్వేచ్ఛ పెద్దదైపోయిందా? ఈ ప్రశ్న ఆయన బతికుండగా అడగలేకపోయాను. అడిగితే, తప్పు నాదని నా నోటితోనే ఒప్పుకోవాలి కదా.

గని మూతపడింది. మా నాయన లారీలు తుప్పు పట్టాయి. శివమ్మ వేరేవాళ్ళ చేలో కూలికి మిరపకాయలు కోస్తోంది. ఎదురుపడితే నన్ను పలకరిస్తుంది కూడా. నేనిప్పుడు ఏ మహజరుకైనా చేను దాకా నడిచి వెళ్తాను. "ఎండలో ఏంటికి లాయరమ్మా, ఈడే చేసీండి" అని నవ్వుతారు. రాయి తొక్కందే కలం తియ్యను.

మొన్న శివమ్మ చేనున్న చోటికి వెళ్ళాను. హద్దురాయి ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను. ఆ చేను మీదుగా వేసిన గని రోడ్డు మీదే కాలు పెట్టి నిలబడ్డాను. ఆ మూడక్షరాల "ఈడికే" దాకా వచ్చి, తర్వాతి మాట నోరు దాటలేదు.