ఓదెలు డప్పు మీది పసుపు

బోనాలనాడు ఓదెలు తాగి డప్పు చింపుకున్నాడని బల్కంపేటలో మా గల్లీ అంతా చెప్పుకుంటున్నారు. అది అబద్ధం. ఆ పొద్దున నేను అతని పక్కనే ఉన్నాను. అనుమానమొచ్చి దగ్గరకు జరిగి వాసన కూడా చూశాను. చాయ్ వాసన తప్ప ఇంకేమీ లేదు.

ఓదెలు ఎస్.ఆర్. నగర్‌లో ఒక హాస్టల్ వాచ్‌మన్. ఆషాఢం వస్తే మాత్రం ఎల్లమ్మ గుడి ముందు డప్పు కొడతాడు. కొట్టేముందు డప్పును మంటకు కాస్తారు. వేడికి తోలు బిగిసి మోత తేరుతుంది. మోత కుదిరిందో లేదో మిగతావాళ్లు చెవితో పోల్చుకుంటారు. ఓదెలు కళ్లు మూసుకునేవాడు. మోత కుదిరితే మూసిన కళ్ల ముందు పసుపు రంగు పరుచుకునేదట, అమ్మవారి గడపకు పూసినంత చిక్కగా. అందరికీ అంతేననుకుని పెళ్లయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. చెబితే భార్య రుద్రమ్మ నవ్వి, "నాకైతే ఇంట్ల పసుపు డబ్బా సుత కనవడదు" అందట.

నిరుడు చలికాలంలో పెద్ద జ్వరం వచ్చింది. లేచాక ఏ చప్పుడుకూ రంగు రావడం లేదని రుద్రమ్మకొక్కదానికే చెప్పాడు; ఈ మధ్య ఆమే నాతో అంది. అమ్మ ముందు కొడితే తప్పక వస్తుందని బోనాల కోసమే ఎదురుచూశాడు.

ఆ రోజు గుడి సందులో అట్టముక్కలు పోగేసి మంట పెట్టాడు. కాచాడు, కొట్టాడు, కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కాచాడు.

"ఏమన్నా, డప్పు కాస్తున్నవా, మక్కకంకి కాలుస్తున్నవా?" అన్నాడు జోడీగా కొట్టే సారయ్య.

నా చెవికి మోత ఖంగుమంటూనే ఉంది. బోనమెత్తిన ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఓదెలు ఇంకోసారి మంటకు పట్టాడు. తోలు నడిమికి చీలింది. అది వాళ్ల నాయన వాయించిన డప్పు.

సారయ్యే కొత్త తోలు వేయించి ఇంటికి తెచ్చిచ్చాడు. ఓదెలు దాన్ని ముట్టలేదు. గుడి వైపు రావడం మానేశాడు. తాగుబోతన్నా తలవంచుకుని పోతున్నాడు.

నాకు నిద్ర పట్టక మొన్న హాస్టల్ గేటు దగ్గరకే పోయి, స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"ఓదెలూ, కొత్త తోలు మంచిగ మోగుతున్నదంట. ఎందుకు కొట్టవు? తాగలేదని నోరు తెరిచి ఎందుకు చెప్పవు?"

అతను గేటు గొళ్లెం బిగించాడు.

"మోగుతది పెద్దమ్మా, ఇనవడ్తది. పసుపే వస్తలేదు. ఇగ రాదు. తాగిండనే అనుకోనీ. తాగినోడైతే ఎన్నడన్న మానుతడు, మళ్ల కొడ్తడు అనన్న అనుకుంటరు."