ప్రతిమ దాహం

మా చెల్లెలు ప్రతిమ గురించి రాయాలంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. బాగేపల్లిలో శనక్కాయల వ్యాపారం మాది. మూటల మూతులన్నీ కుట్టేది అదే. కుడుతున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. ఎదురుగా ఎవరుంటే వాళ్లను ఆటపట్టించేది.

2006లో తొలి కాన్పుకు పుట్టింటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. వారం తిరక్కుండానే తలనొప్పి, అంతులేని దాహం పట్టుకున్నాయి. మా అమ్మ హనుమక్కది పాత పథ్యం. బాలింతకు రోజుకు రెండు చెంబుల కాచిన నీళ్లు, అంతే. ఎక్కువ తాగితే ఒళ్లు ఉబ్బుతుందట.

"ఒక్క చెంబు ఇయ్యన్నా, నాలిక అంటుకపోతాండాది" అని ప్రతిమ నన్ను బతిమాలింది. అమ్మ బిందెలన్నీ నా గదిలో పెట్టించి తాళం నా చేతికిచ్చింది. తీసుకున్నాను. డిగ్రీ చదివిన వెధవను.

ఒకరోజు పశువుల తొట్టి మీద వంగి కుడితి తాగుతూ దొరికింది. పొట్టు, ఈగలు తేలుతున్న నీళ్లు. "సిగ్గుండాదా నీకు?" అని జుట్టు పట్టుకుని లేపాను. 

మర్నాడు దానికి చూపు మసకబారింది, మాట తడబడింది. అప్పుడు కదిలాం, మహానుభావులం. బెంగళూరులో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే తలకు ఎమ్మారై తీశారు. డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టి చూపించాడు. మెదడు కింద బఠాణీ గింజంత ఉండాల్సిన పిట్యూటరీ గ్రంథి అన్నివైపులా సమానంగా ఉబ్బింది. దాన్ని పట్టుకున్న కాడ కూడా లావెక్కింది. చూస్తే గడ్డలా లేదు, వాపే అన్నాడు. కాన్పు ముందూ వెనకా కొందరికి వస్తుందట, మందులకు లొంగుతుందట. గ్రంథి వెనకవైపు మెరవాల్సిన తెల్లచుక్క కనిపించలేదు. ఒంట్లో నీటిని నిలిపే పని అక్కడే చెడిపోయిందనీ, తాగినదంతా మూత్రంలో పోతోందనీ చెప్పాడు.

రోజుకు ఎన్ని నీళ్లు తాగుతోందని కన్నడంలో అడిగాడు.

"రెండు చెంబులు దాటనియ్యలేదు సార్" అంది అమ్మ, గొప్పగా.

డాక్టరు మా ఇద్దరినీ పురుగుల్ని చూసినట్టు చూశాడు. ఇంకో రెండు రోజులు ఇంట్లోనే ఉంచుకుంటే శవాన్ని తెచ్చేవాళ్లమన్నాడు.

నర్సు గ్లాసెడు నీళ్లు తెచ్చి ప్రతిమ చేతికిచ్చింది. ప్రతిమ తాగలేదు. పెదాలు పగిలి నెత్తురు కారుతున్నా గ్లాసును అలాగే పట్టుకుని నా ముఖంలోకి చూసింది.

"అన్నా, తాగేదా?" అంది.