అనసూయ పళ్ళెంలోని అలంకారాలు

ఇన్నేళ్ళుగా ఒక మెప్పు నా భుజాలెక్కి కూర్చుంది. అది నాది కాదు. ఇవాళ మీకు చెప్పేస్తాను.

పందొమ్మిదివందల యాభైల చివర నా పెళ్ళి. మామగారిది నూజివీడు దగ్గర మామిడితోట. ఆయనకు కవిత్వంలో అలంకారాలంటే ప్రాణం. పెళ్ళిచూపుల్లో అడిగితే, "అలంకారాలన్నీ కొట్టినపిండేనండి" అన్నాను. చింతలపూడిలో బట్టలకొట్టు గుమాస్తాకి అలంకారాలేమిటి? అయినా అన్నాను. అనసూయ అప్పటికే నచ్చేసింది మరి.

తొలి వేసవి పళ్ళకి పిలిచారు. తోటలోని పాకలో కొత్తల్లుణ్ణి నులకమంచం మీద కూర్చోబెట్టి, చుట్టాల ఎదుట మామగారు తను అల్లిన మాటలు చెప్పి, ఏ అలంకారమో అడుగుతారట. అనసూయ ముందే హెచ్చరించింది. నా ముఖం చూసి పకపకా నవ్వింది. ఉపాయమూ తనే చెప్పింది. బంగినపల్లి ముక్కలు తెస్తే ఉపమ. చిన్నరసం పండు తెస్తే రూపకం. ఉప్పుకారం చల్లిన పచ్చికాయ తెస్తే అతిశయోక్తి.

"ఎండ కొత్తకోడలిలా మెల్లగా పాకలోకి వచ్చింది" అన్నారు మామగారు. బంగినపల్లి వచ్చింది. ఉపమ అన్నాను. "మా తోట వాసనకి హనుమాన్ జంక్షన్‌లో లారీలు దారి తప్పుతాయి" అన్నారు. పచ్చికాయ వచ్చింది. అతిశయోక్తి! చప్పట్లు.

"ఈ తోట నా పెద్దకూతురు" అన్నారు. అనసూయ ఇంకా రాలేదు. ఇంతలో వాళ్ళ పిన్ని ముచ్చటపడి, నా ముందు మళ్ళీ బంగినపల్లి ముక్కలు పెట్టేసింది.

"ఉపమ" అనేశాను.

చుట్టాలు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మామగారు మాత్రం తొడ చరిచి నవ్వారు. "చూశారా, నన్నే పరీక్షిస్తున్నారు! 'లాగా' అనకుండా ఉపమెక్కడిది? రూపకమని ఈయనకి తెలీదంటారా?" తర్వాత గొంతు తగ్గించారు. "నా కడుపున పుట్టినవాళ్ళకి ఈ రుచి అబ్బలేదండీ, అల్లుడుగారూ. అనసూయనీ ఎనిమిదో క్లాసుతో మాన్పించేశాను. దాని బుర్రకేం ఎక్కుతాయని?"

అప్పుడు చూశాను. ఆయన వెనకే అనసూయ నిలబడి ఉంది. చేతి పళ్ళెంలో చిన్నరసం.

చెప్పాల్సింది అప్పుడే. ఆయన కొడుకులకు అలంకారాల పాఠం చెబుతుంటే వాళ్ళు చెట్లెక్కి పారిపోయారని, తడిక వెనక కూర్చుని ఈమే అంతా నేర్చుకుందని, ఒక్క మాట. నేనేం చేశాను? చెయ్యి చాచి ఆ పండు అందుకున్నాను. ఎంత తియ్యగా ఉందో! అక్కడే నా తప్పు.

ఆ పైన ఏటా అదే ఆట. నాకు నవ్వొచ్చేది, ఆమెకూ నవ్వొచ్చేది. నా ఖ్యాతి విస్సన్నపేట దాకా పాకింది. ఒక వేసవిలో మాత్రం, "ఈసారి నాన్నకి చెప్తారా?" అంది. చూద్దాంలే అన్నాను. భయమా? కాదు. ఆ పొగడ్త నాకు అలవాటైపోయింది. కూతుర్ని ఒక్క ప్రశ్నైనా అడక్కుండానే మామగారు కన్నుమూశారు.

ఇది రాస్తుంటే అనసూయ వచ్చి మొదటి వాక్యం చదివింది. "మెప్పు భుజాలెక్కి కూర్చుందా? ఇది ఏ అలంకారమండీ?" అంది, నవ్వాపుకుంటూ. ఆమె చేతిలో పళ్ళెం లేదు.

"నాకు తెలీదు" అన్నాను.

"ఈ మాట నాన్నతో అనాల్సింది."

అనాల్సిందే. ఇంకోసారి పైకే అన్నాను: నాకు తెలీదు. అనడానికి ఎంత హాయిగా ఉందో!