కవిత నాది, ఫోన్ నంబరు ఆమెది

సిస్టరమ్మ పోయింది. నిద్రలోనే, ఎవరి చేతా ఒక పూట కూడా సేవ చేయించుకోకుండా పోయింది. ఆ కబురు నాకు దిల్‌సుఖ్‌నగర్‌లో, నేను లెక్కలు చెప్పే కోచింగ్ సెంటర్ మెట్ల మీద అందింది. మర్నాటికల్లా నేనూ పోయాను. నవ్వకండి, వాట్సాప్‌లో వచ్చింది! కవిత్వం చదివేవాళ్ల గ్రూపులో ఆమె నంబరు మీదుండే ఫొటో, కింద నా పేరు, చుట్టూ పూలు, 'కవయిత్రికి కన్నీటి నివాళి'. దండాలు పెట్టిన వాళ్లందరికీ నా కృతజ్ఞతలు. కానీ నేను ఉన్నాను. లేనిది ఆమె. మీరు పోగొట్టుకున్నది ఎవరినో మీకు తెలియకపోతే నా మనసు ఒప్పుకోదు. అందుకే ఇది రాస్తున్నాను.

ఎల్బీ నగర్‌లో మెట్రో దిగి లోపలికి నడిస్తే ఆమె ఇల్లు. కింద ఆమె, పైన కిరాయికి నేను. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది కాబట్టి సందు సందంతా ఆమెను సిస్టరమ్మ అనే పిలిచేది. మాది గుంటూరు వైపు. నేను 'అలాగేనండీ' అన్నప్పుడల్లా "గంత మర్యాద ఎందుకు బిడ్డా, నేనేమన్న పెండ్లిసూపులకొచ్చిన్నా?" అని ఆటపట్టించేది.

అప్పటికి ఎన్నో ఏళ్లుగా రాస్తున్నాను. ఎక్కడికి పంపినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. విసిగిపోయి, ఋతువులు మారడం మీద ఒక దిగులు కవిత రాసి, ఇదే ఆఖరు అనుకుని పంపాను. వేస్తామన్నారు! కాకపోతే మన ఆదివారం పేజీల సంగతి మీకు తెలుసు కదా, కవిత కింద రాసినవాళ్ల సెల్ నంబరు ఉండాల్సిందే. ఆడవాళ్లు నంబరు అచ్చేయించుకుంటే వేళాపాళా లేకుండా ఎలాంటి ఫోన్లు వస్తాయో తెలిసినదాన్ని, వద్దులే అనుకున్నాను. సిస్టరమ్మ మాత్రం ఊరుకోలేదు. "నా నంబరియ్యి. నలభయ్యేండ్లు మగోళ్ల వార్డు సూసిన. ఎవడేమంటడో నేను సూస్త" అంది.

ఆ ఆదివారం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు గుర్తుంది. పొద్దున్నే మెట్ల మీద దబదబా చప్పుడు. మోకాళ్ల నొప్పులని పైకి రావడమే మానేసిన మనిషి, ఒక చేతిలో బీరకాయ, ఒక చేతిలో ఫోను, ఎగిరినట్టే వచ్చింది. "బిడ్డా! మీర్‌పేట్ నుంచి ఎవరో పిల్ల! బస్సుల సదువుకుంట ఏడ్సిందట! దిగే స్టాపు దాటిపోయిందట!" నా కవిత చదివి ఎవరో స్టాపు మరిచిపోయారు! ఫోను అందిస్తే, రెండు చేతులూ అడ్డంగా ఊపాను. ఆమె నావైపు కోపంగా చూసి, స్పీకర్ పెట్టి తనే మొదలుపెట్టింది. "ఏడ్సినవు సరే అమ్మా, తిన్నవా?"

అదీ ఆమె పద్ధతి. ఎవరు ఫోన్ చేసినా ముందు తిన్నారా, నిద్ర పట్టిందా అని అడగాల్సిందే, కవిత సంగతి ఆ తర్వాతే. ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు వర్షాల నుంచి ఏకంగా ఆకులు రాలడంలోకి వెళ్లిపోయారేమిటి, శరత్తునీ హేమంతాన్నీ ఎక్కడ వదిలేశారు అని నిలదీశారు. "హైద్రాబాద్‌ల చలి ఎక్కడుంది సార్? స్వెట్టర్ తీసేలోపటే పోతది" అందామె. ఆయన పగలబడి నవ్వడం నేను పక్కనుండి విన్నాను. ఇంకొకావిడ, ఇంత దిగులుగా రాశారంటే మీకు ఒంట్లో బాగోలేదేమో, ఓసారి బీపీ చూపించుకోండి అని జాగ్రత్తలు చెప్పింది. ఎవరికి? సిస్టరమ్మకి! ఆమె బుద్ధిగా "అట్లనే అమ్మా" అని ఊకొట్టి, ఫోన్ పెట్టేశాక నా చేతికి బీపీ పట్టీ చుట్టింది.

మొదట్లో 'రాసింది నేను కాదు, మా బిడ్డ' అని అందరికీ చెప్పేది. నన్ను పిలిస్తే నేను కదిలేదాన్ని కాదు. చివరికి విసిగి, "సరే, నువ్వు రాయి, నేను మాట్లాడుత" అని పని పంచేసింది. అప్పట్నుంచి వాళ్లు కవయిత్రి గారూ అంటే పలికేసేది. ఆ కవిత వాట్సాప్‌లోకి ఎక్కాక ఏటా ఆకులు రాలే వేళకి ఎవరో ఒకరు దాన్ని మళ్లీ తిప్పేవారు, ఆమె నంబరుతో సహా. ఇక చూడండి మా ఇంట్లో పండగ! కూరగాయలు తరుగుతూ, గుమ్మంలో కూర్చుని, ఎవరెవరి కష్టసుఖాలో వినేది. సాయంత్రం నేను రాగానే టీ గ్లాసు చేతిలో పెట్టి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేది. నేను కలం మూయకపోవడానికి కారణం ఆ సాయంత్రాలే.

ఒకసారి ఎవరో గట్టిగా తిట్టారని చెప్పింది. నా మొహం వాడిపోవడం చూసి, "మందు చేదుంటే పేషెంటు తిడ్తడు. తిట్టిండంటే మింగినట్టే" అంది. ఏమని తిట్టారో మాత్రం చెప్పలేదు.

మొన్న చర్చిలో ఆమె జ్ఞాపకార్థ కూడిక జరిగింది. ఫోన్ చేసినవాళ్లకి ఆమె కొడుకు 'అమ్మ లేదండీ' అని చెప్పడంతోనే నా చావు కబురు పుట్టింది. ఆ కబురు పట్టుకుని పాఠకులు కొందరు అక్కడికి వచ్చారు. పాస్టరు గారు ఎవరైనా మాట్లాడతారా అని అడిగితే, బాటసింగారంలో పండ్ల వ్యాపారం చేసే పెద్దాయన ఒకరు లేచారు. "మేడంను కండ్లతో ఎన్నడు సూడలే. మేడం రాసింది సదువుత" అన్నారు. కాగితం లేదు, అంతా నోటికే.

"ఆకు రాలేటప్పుడు చెట్టు ఏమీ మాట్లాడదు,
కొమ్మ మాత్రం కొంచెం సేపు ఊగుతది."

నేను ఉలిక్కిపడ్డాను. నేను రాసింది అది కాదు. 'కొమ్మ కాస్త తేలికపడుతుంది' అని రాశాను, అలాగే అచ్చయింది. కూడిక అయ్యేదాకా ఆగలేక, లేచి నిలబడి అడిగేశాను, ఆ మాట ఎక్కడిదండీ అని.

"పేపర్ల వేరే ఉండె" అన్నారాయన. "నా భార్య పోయిన నెలకు సదివిన. తేలికైతదా? ఎవరు చెప్పిండ్రు మీకు? అని ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టిన. మేడం అంత ఇన్నరు. 'నిజమే అన్నా, గిట్ల సదువుకో' అని ఈ మాట చెప్పిండ్రు. గప్పటి నుంచి రోజూ సదువుకుంట."

ఇక దాచలేకపోయాను. ఆ కవిత రాసింది నేనేనండీ, ఈమె మా ఇంటి ఓనరమ్మ, మీ మాటలన్నీ నా దాకా తెచ్చింది ఈమే అని అందరి ముందూ చెప్పాను. ఏడుపొచ్చింది, సంతోషమూ వచ్చింది, రెండూ ఒక్కసారే. పెద్దాయన నన్నూ, ఆమె ఫొటోనూ మార్చి మార్చి చూశారు.

"మరి గా మాట?"

"అది ఆమెదే."

"అయితే మీరు సదువుండ్రి బిడ్డా, ఒక్కసారి" అన్నారు.

చదివాను. ఆ చోటికి వచ్చేసరికి తడుముకోకుండా ఆమె మాటే నా నోట వచ్చింది. పెద్దాయన కళ్లు మూసుకుని మెల్లగా తల ఊపుతున్నారు. నేను చదవడం అయిపోయాక కూడా ఊపుతూనే ఉన్నారు.